బండికి అడ్డం వేయించుకుని కుప్పం దాకా

మోటారు సైకిలుకు కూడా ముఖం ఉంటుందని నాకు మదనపల్లెలో తెలిసింది. అంతవరకు నేను చూసిన బండ్లకు ఒక దీపం, ఒక హ్యాండిలు, వాటి వెనక నడిపేవాడి గడ్డం, అంతే. నాగరాజప్ప బుల్లెట్టుకు మాత్రం ముందువైపు నీలం రంగు ఫైబరు తొడుగు ఉంది. దీపం దానిలోనే ఇమిడి ఉంది. పైన అద్దంలాంటి ప్లాస్టిక్ పలక. బెంగుళూరులో చెప్పి చేయించాడట. దాని అసలు పేరు ఫెయిరింగ్. ఆ పేరు పలికేవాడు ఆ ప్రాంతంలో నాగరాజప్ప ఒక్కడే. మదనపల్లె టీకొట్టులో దాన్ని ముసుగు అన్నారు. పుంగనూరులో చాట అన్నారు. కుప్పం దగ్గరికి పోయేసరికి కన్నడం కలిసి మొగవాడ, అంటే మాస్కు, అయింది.

సోకు కోసం పెట్టించుకున్నది కాదు. నాగరాజప్ప బీమా ఏజెంటు. కలకడ నుంచి కుప్పం దాకా పల్లెపల్లెకూ బండి మీదే తిరుగుతాడు. ఉబ్బసం ఉంది. చలికాలపు ఎదురుగాలి ఛాతీకి తగిలితే ఆ రాత్రి కూర్చునే తెల్లవారాలి. తొడుగు పీకేస్తే దీపమూ ఉండదు, ఆయన ఊపిరీ ఉండదు. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, ప్రయాణం పొడుగునా ఎదురైన ప్రతివాడూ మాకు ఇచ్చిన సలహా ఒకటే: దాన్ని ఊడబీకి పారేయండి.

మదనపల్లె

ఎనభై మూడు జనవరి చివర. పుష్యమాసం. పెళ్ళిళ్ళు చేయకూడదని పంచాంగం చెప్పే నెల. సరిగ్గా అందుకనే ఒక పెళ్ళి జరిపించడానికి నేను తెనాలి నుంచి వచ్చాను. నాగరాజప్ప అక్క కూతురు సరోజ కుప్పం దగ్గరి పల్లెలో ఉంటుంది. పురోహితుడు వద్దని, ముహూర్తం వద్దని, ఆదివారం సాయంత్రం రాహుకాలంలోనే దండలు మార్చుకుంటామని ఆమె, ఆమె చేసుకోబోయే అబ్బాయి నిర్ణయించుకున్నారు. మా హేతువాద ఉద్యమంలో ఇలాంటి పెళ్ళిళ్ళు కొత్త కావు. కొత్తదల్లా సరోజ తల్లి మునెమ్మ పెట్టిన షరతు.

మునెమ్మ భర్త పోయి చాలా ఏళ్ళయింది. మన దేశంలో వితంతువు చేత్తో వండిన పెళ్ళి భోజనం తింటే ఎవరికీ ఏమీ కాదు. ఆమె పాలు పితికితే పాలు విరగవు. కాని కన్నకూతురి పెళ్ళి పందిట్లో ఆమె ముఖం కనిపిస్తే మాత్రం కాపురం కూలిపోతుంది. ఇంతకంటే నీచమైన లెక్క ఏ శాస్త్రంలోనైనా ఉందా? సరోజ కోరింది ఒకటే. అమ్మ పందిట్లో ముందు వరసలో, తన పక్కన కూర్చోవాలి. మునెమ్మ నెలల తరబడి కాదంది. చివరకు తమ్ముడి చేత ఇలా చెప్పి పంపింది:

"మీరు రాహుకాలంలోనే ఇల్లు కదలండి. దావలో ఏ అడ్డమూ లేకుండా వస్తే, నేను ముందర కూసున్నా బిడ్డకు ఏమీ కాదని నమ్మతా. అడ్డమొస్తే నన్ను పిలవొద్దు."

నాకు ఆ మాట ఎంతో నచ్చింది. మా తెనాలిలో వాదానికి దిగేవాడు పట్టుపంచె కట్టుకుని శ్లోకాలతో వస్తాడు. ఇక్కడ చదువులేని రైతు స్త్రీ పరీక్ష పెట్టి తేల్చుకుందాం రమ్మంటోంది. సరేనని కబురు పంపమన్నాను. ఒక ప్రయాణం సజావుగా సాగినంత మాత్రాన ఏదీ రుజువు కాదు, చెడినా ఏదీ రుజువు కాదు. ఈ సంగతి ఎన్నో వేదికల మీద చెప్పిన నేను ఆ పూట చెప్పలేదు.

శనివారం ఉదయం రాహుకాలం పడ్డాక నాగరాజప్ప ఇంట్లో రాగి సంగటి, పితికిపప్పు పెట్టారు. అనపగింజల్ని నానబెట్టి, ఒక్కొక్కదాన్నీ వేళ్ళతో పితికి తోలు తీసి చేసే కూర అది. ఆ చలిలో వేడి సంగటి ముద్దలో గుంట చేసి ఆ కూర పోసుకున్నవాడికి మళ్ళీ వరి అన్నం మీదికి మనసు పోదు. మా వైపు సంగటిని బీదవాళ్ళ తిండిగా చూస్తాం. మనకు తిండి విషయంలో కూడా కులాలున్నాయి.

మేం బండి ఎక్కుతుంటే వీధిలో వాళ్ళు అరుగుల మీదికి వచ్చి నిలబడ్డారు. ఎవరూ వద్దనలేదు. ఒక పెద్దాయన మాత్రం నన్ను చూసి, "యాడికప్పా ఇప్పుడు? కొంచేపు కూసోని పోరాదా?" అని ఆప్యాయంగా అడిగాడు. కోపం తెచ్చుకుందామంటే ఆ గొంతులో దానికి చోటు లేదు.

పుంగనూరు

పుంగనూరు ఇంకా కొంత దూరం ఉందనగా కల్వర్టు దగ్గర చక్రం గుంటలో పడి లేచింది. టంగుమని చప్పుడు. బండి ముఖం కుడివైపుకు వాలిపోయింది.

తొడుగును బండికి పట్టి ఉంచేవి రెండు ఇనుప పట్టీలు. బ్రాకెట్లంటారు. ఒక్కొక్కటి మోచేయిలా వంగి, ఒక చివర బండి చట్రానికి, ఇంకో చివర తొడుగుకు బిగించి ఉంటుంది. కుడివైపుది వంపు దగ్గర పుటుక్కున తెగింది. నా ఉత్తరీయంతో తొడుగును హ్యాండిలుకు కట్టాం. అది చాలక నేను వెనక కూర్చుని, నాగరాజప్పను కౌగిలించుకున్నట్టు చేతులు ముందుకు చాపి, తొడుగు అంచు పట్టుకున్నాను. ఎదురొచ్చిన బస్సులోంచి జనం తలలు బయటపెట్టి మా ఇద్దరి అన్యోన్యం చూశారు.

పుంగనూరులో మస్తాన్ అనే ఆయనది గ్యాసు వెల్డింగు షెడ్డు. ఆ ఊరి పొట్టి ఆవొకటి షెడ్డు గుమ్మంలో పడుకుని ఉంది. నిలబడితే నా నడుముకు కూడా రాదేమో. దాన్ని దాటుకుని లోపలికి పోవాలి. లేపడం ఆ ఊళ్ళో మర్యాద కాదు కాబోలు, అందరూ దాటుకునే పోతున్నారు. మస్తాన్ బెంగుళూరులో పని నేర్చాడు, ఆ సంగతి మేం అడగకముందే చెప్పాడు. ఆయన దగ్గర గ్యాసుకు కావలసిన కార్బైడు అయిపోయింది, వచ్చేసరికి సాయంత్రమవుతుంది. ఉండిపోక తప్పలేదు.

ఆ మధ్యాహ్నమంతా షెడ్డు దగ్గర చేరినవాళ్ళు నాకు ప్రశ్నలు వేశారు. దేవుడు లేడని ఊరూరా చెప్పుకుంటూ తిరిగేవాడినని నాగరాజప్పే పరిచయం చేశాడు. ఎవరూ తిట్టలేదు. టీ తెప్పించారు. దేవుడు లేకపోతే గండం గడిచినప్పుడు ఎవరికి దండం పెట్టుకుంటావు అని ఒకాయన నిజమైన కుతూహలంతో అడిగాడు. నయం చేసిన డాక్టరుకు అన్నాను. డాక్టరు అందుబాటులో లేని ఊళ్ళో అయితే అని అడిగాడు. నేను టీ తాగాను. ఆ ప్రశ్న ప్రభుత్వాన్ని అడగవలసింది, దేవుడిని కాదు. ఈ జవాబు నాకు మర్నాడు తట్టింది.

చీకటి పడే వేళకు మస్తాన్ తెగిన చోట అతికి, పైన మందమైన ముక్క ఒకటి వేసి, నీళ్ళలో ముంచి తీశాడు. "ఈ అతుకు ఇడిసిపెట్టిందంటే నా మీసం తీసేస్తానప్పా," అన్నాడు. దట్టమైన మీసం. మాకు ధైర్యం వచ్చింది.

రాత్రి హోటలు గదిలో నాగరాజప్ప దగ్గుకుంటూ ఒక సిద్ధాంతం చెప్పాడు. "ఇది అడ్డం కాదులే సార్. అడ్డం వేరు, రిపేరి వేరు."

నాకూ అదే సబబుగా తోచింది. పండితులు శాస్త్రానికి ఎట్లా మెలికలు వేస్తారో చెప్పి జనాన్ని నవ్వించే మేమిద్దరం ఆ రాత్రి ఆ మెలిక మీద హాయిగా నిద్రపోయాం.

శాంతిపురం దగ్గర

ఆదివారం పలమనేరు దాటాక గాలి చల్లగా ఎదురు కొట్టింది. నాగరాజప్ప తొడుగు వెనక తల వంచుకుని హాయిగా నడిపాడు. శాంతిపురం దగ్గరకు వచ్చేసరికి దారి పక్కన రాళ్ళు కొట్టే చప్పుడు వినిపించింది. ఆ చప్పుడులో మా బండి చప్పుడు కలిసిపోయి, పట్టీ మళ్ళీ తెగిన సంగతి తొడుగు మోకాలికి తగిలేదాకా తెలియలేదు.

దిగి చూశాం. అతుకు చెక్కుచెదరలేదు. మస్తాన్ మీసానికి ఢోకా లేదు. అతుకు పక్కనే ఇనుము తెగింది. ఎడమవైపు పట్టీ కూడా వంపు దగ్గర వెంట్రుకంత పగులు చూపిస్తోంది. నాగరాజప్ప ఒక రాయి మీద కూర్చున్నాడు. నిన్న రిపేరి అన్న మనిషి ఈరోజు ఆ మాట అనలేదు.

"అక్క అడిగితే ఏం జెప్పల్ల సార్?"

దగ్గరలోనే ఒక కొలిమి ఉంది. రాళ్ళు కొట్టేవాళ్ళ ఉలులకు మొనలు పెట్టే చెంగప్పది. ఆయన భార్య రామక్క తిత్తి ఊదుతోంది. మోటారు పని తనకు రాదని చెంగప్ప ముందే చేతులెత్తేశాడు. తర్వాత అందరిలాగే, ఆ మొగవాడను పీకి పారేయమన్నాడు. నాగరాజప్ప దగ్గు విని ఊరుకున్నాడు. నేనూ ఆయనా తెగిన ముక్కను వెలుగులో పెట్టి తిప్పి చూశాం. రెండుసార్లూ వంపు దగ్గరే తెగడమేమిటని నేనడిగాను. ఇనుము కల్తీదన్నాడు ఆయన. అయితే రెండు పట్టీలకూ ఒకే చోట ఎందుకు పగులుతుందన్నాను. ఆయన తల గోక్కున్నాడు. ఇంకా మందమైన పట్టీ వేద్దామన్నాడు. మందం వేసింది నిన్ననే కదా అన్నాను.

రామక్క తిత్తి ఆపకుండానే అంది: "కొట్టానికి నిట్రాడు నిలబెట్టి, దానిమీద దూలమొకటి పెట్టి ఇడిస్తే నిలుస్తాదా? గాలికి ఊగి ఊగి ఇరుగుతాది. మూలకు వాలుగా ఒక కర్ర అడ్డం కట్టల్ల. మీ దానికి అడ్డమే లేదు గదా."

చెంగప్ప బండి దగ్గరికి పోయి తొడుగును చేత్తో పైకీ కిందికీ ఊపి చూశాడు. అది నిజంగానే తల ఆడించే గంగిరెద్దులా ఊగింది. "అవు. ఊగతాండాది," అన్నాడు.

వెంటనే పనిలోకి దిగాడు. ఒక పాత ఇనుప బద్దను ఎర్రగా కాల్చి, రెండు ముక్కలు చేసి, చివరలు చదును చేశాడు. పట్టీ మధ్య నుంచి చట్రం దాకా ఏటవాలుగా ఒకటి, అవతలి వైపు ఇంకొకటి. కాలిన ఇనుములో మొనదేరిన ఉలితో బొక్కలు కొట్టి మేకులు బిగించాడు. తొడుగుకూ ఇనుముకూ మధ్య మెత్తనిదేదైనా ఉంటే ఫైబరు పగలదని నాగరాజప్ప అన్నాడు. రబ్బరు ఎక్కడుంది? అందరూ నా కాళ్ళవంక చూశారు. నా హవాయి చెప్పులు ఒకటి కుడివైపుకు, ఒకటి ఎడమవైపుకు ముక్కలై పోయాయి.

అక్కడే మాకు తగవు వచ్చింది. చెంగప్ప దగ్గర నల్ల రంగు డబ్బా ఒకటి ఉంది. కొత్త ఇనుము కనబడకుండా పూసేద్దామని, అక్కకు ఏమీ చెప్పొద్దని నాగరాజప్ప అన్నాడు. ఆయన వాదనలో బలం ఉంది. నిజం చెబితే ఆమె పందిట్లోకి రాదు. సరోజ పక్క పీట ఖాళీగా ఉంటుంది. ఊరంతా, చూశారా రాహుకాలం అంటే ఏమిటో, అంటుంది. ఒక చిన్న అబద్ధం ఒక తల్లిని కూతురి పక్కన కూర్చోబెడుతుంది. దేవుడి కోసం అబద్ధమాడేవాళ్ళను నేను పాతికేళ్ళుగా దులిపేస్తున్నాను. దేవుడికి వ్యతిరేకంగా అయితే అబద్ధం ఆడవచ్చా? నావల్ల కాదన్నాను.

"మీరు రేపు రైలెక్కి పోతారు సార్," అన్నాడు నాగరాజప్ప. "పీట కాళీగా ఉంటే ఏడ్సేది మా సరోజ."

ఆ మాట నిజమే. రంగు మాత్రం పూయనివ్వలేదు. తగవు తీరకుండానే మళ్ళీ బండెక్కాం. బండి మాత్రం రాయిలా నిలకడగా పోయింది.

కుప్పానికి ఇవతల

ఆ పల్లెలో ఒకే వాక్యంలో మూడు భాషలు వినిపిస్తాయి. తెలుగులో పలకరించి, కన్నడంలో ఆశ్చర్యపోయి, తమిళంలో కసురుకుంటారు. నేను వట్టికాళ్ళతో దిగడం చూసి ఒక ముసలమ్మ, ఈ దేవుడు లేడనే అయ్య ఏదో మొక్కులో ఉన్నట్టుండాడే అని పక్కావిడతో అంది. వివరించే ఓపిక నాకు లేదు.

మునెమ్మ ఇంటి ముందు చాపమీద పొరుగు ఆడవాళ్ళతో కూర్చుని పెళ్ళి వంటకు అనపగింజలు పితుకుతోంది. మమ్మల్ని చూసి లేచింది. బక్కపలచని మనిషి, బొట్టులేని నుదురు. తమ్ముడి ఆరోగ్యం అడిగింది, నాకు నీళ్ళు తెప్పించింది. తర్వాత అసలు మాట అడిగింది.

"దావలో అడ్డమేమన్నా వచ్చినాదా?"

నాగరాజప్ప నావైపు చూశాడు. నేను చెప్పేశాను. పుంగనూరుకు ముందు ఒకసారి తెగిందమ్మా, శాంతిపురం దగ్గర ఇంకోసారి తెగింది, రెండుసార్లూ ఆగిపోయాం అన్నాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళ చేతులు అనపగింజల మీద ఆగాయి. గుమ్మంలో సరోజ నిలబడి ఉంది. ఆ అమ్మాయి ముఖం నేను చూడలేకపోయాను.

మునెమ్మ బండి దగ్గరికి పోయింది. తొడుగు కింద వంగి చూసింది. కొత్త బద్దను వేలితో తాకింది.

"ఇది యాలకు ఏసినారు?"

"అది అడ్డమక్కా," అన్నాడు నాగరాజప్ప నీరసంగా. "అది లేకనే ఇరిగినాది. అది ఏసినాక ఊగలేదు, ఇరగలేదు."

"అడ్డం లేకనే ఇరిగినాదా?"

"అవునక్కా."

ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. నావైపు తిరిగి, "బండి బాగా వస్తే కూసుందామనుకున్యా. రాకపోతే మానుకుందామనుకున్యా. ఇప్పుడు ఇరిగినాది, వచ్చినాది కూడా. దీనికేం లెక్కప్పా?" అంది.

లెక్క లేదన్నాను. ఇనుము ఊగి ఊగి తెగింది, వారం ఏదైనా, గడియ ఏదైనా తెగేదే, ఆ షరతుకు ఒప్పుకోవడమే నా బుద్ధిలేని పని అన్నాను. ఉపన్యాసం ఇంకా ఉంది. ఆమె చెయ్యి అడ్డంపెట్టింది.

"నాకు రాహువంటే బయం లేదప్పా. రేపు ఈ బిడ్డకు జొరమొస్తాది. ఆవు ఈనలేక సస్తాది. ఎవురింట్లో జరగదు? అప్పుడు ఊరంతా నా మొగమే సూస్తారు. ఈ ముండమోసింది ముందర కూసునింది గదా అంటారు. నువ్వు తెనాల్లో ఉంటావు. వాళ్ళకు జవాబు చెప్పేది నేను."

పాతికేళ్ళు మూఢనమ్మకాల మీద మాట్లాడాను. అది అజ్ఞానమన్నాను, భయమన్నాను, పురోహితుల పొట్టకూటి ఎత్తన్నాను. అవన్నీ నిజమే. కాని రేపు జరగబోయే ప్రతి మామూలు కష్టానికీ నేరస్తుల్ని ఈరోజే ఎంచి పెట్టుకునే ఏర్పాటు అది అని ఆ వాకిట్లోనే అర్థమైంది. మునెమ్మ దయ్యాలకు భయపడటం లేదు. పొరుగువాళ్ళకు భయపడుతోంది. దానికి నా సంచిలో కరపత్రం లేదు.

సరోజ గుమ్మం దిగి వచ్చింది.

"అమ్మా, నాకు జొరమొస్తే నా పక్కన ఎవురు కూసుంటారు?"

"ఎవురు కూసుంటారు? నేనే."

"మంచం దిగేదాకా?"

"దిగేదాకా."

"అయితే ఈ పొద్దు కూడా కూసో."

మునెమ్మ చాప దగ్గరికి పోయి మిగిలిన గింజలు పితికేసింది. తర్వాత లేచి చేతులు కడుక్కుని, చీర మార్చుకోవడానికి లోపలికి పోయింది.

సాయంత్రం ఆమె ముందు వరసలో కూతురి పక్కన కూర్చుంది. చనిపోయిన భర్తకు అన్న, ఆమె బావగారు, లేచి పోబోయాడు. పితికిపప్పు వాసన వంటింట్లోంచి వచ్చిన వేళ అది. నిలబడ్డవాడు వెనక వరసలోకి పోయి కూర్చున్నాడు. ఆయన్ను మార్చింది హేతువాదం కాదు, ఒప్పుకుంటాను. నేను చెప్పదలచుకున్న ఉపన్యాసంలో సగం వదిలేశాను. దండలు మార్చుకుంటున్నప్పుడు మునెమ్మ చేతులు ఒళ్ళో ముడుచుకునే ఉన్నాయి. సరోజ తన దండ సర్దమని తల వంచేదాకా వాటిని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

మర్నాడు నేను రైలుకు బయలుదేరుతుంటే ఆమె గేటుదాకా వచ్చింది. ఎవరివో పాత టైరు చెప్పులు నా ముందు పెట్టింది. నా పూర్తి పేరు, తెనాలిలో వీధి పేరు అడిగి రెండుసార్లు పైకి చెప్పుకుంది.

"ఏమన్నా అయితే పిలిపిస్తా. వచ్చి నా పక్కన నిలబడి జవాబు చెప్పల్ల," అంది.

వస్తానన్నాను. ఏమీ కాకపోతే అని నవ్వుతూ అడిగాను.

"ఏమీ కాకపోయినా పిలిపిస్తా. బిడ్డ పుడితే పేరు పెట్టేదానికి పంచాంగం సూసే అయ్యవారు ఇంక మా ఇంటికి రానన్నాడంట. ఆ పొద్దుకు ఎవురో ఒగరు కావల్ల గదా."